జీర్ణాశయం, క్లోమం: ఊరించే హార్మోన్లు, ఆపే హార్మోన్లు

ఎసిడిటీకి రాసే ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటి మాత్రలను తినడానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోమని వైద్యులు చెబుతారు. చాలామంది ఆ మాట వదిలేసి, భోజనం అయ్యాక మంట మొదలైనప్పుడో, రాత్రి పడుకోబోయే ముందో మింగుతారు. మందు పనిచేయడం లేదన్న ఫిర్యాదుల్లో కొన్ని అక్కడే పుడతాయి. ఈ మాత్రలు కడుపులో అప్పటికే ఉన్న ఆమ్లాన్ని విరవవు. ఆమ్లాన్ని బయటికి తోసే ప్రోటాన్ పంపులకు అతుక్కుని వాటిని పనికిరాకుండా చేస్తాయి. అయితే ఆ సమయానికి పనిలో ఉన్న పంపుకే అవి అతుక్కోగలవు. మందు రక్తంలో సగానికి తగ్గిపోవడానికి గంట, గంటన్నర చాలు. పంపులను పనిలోకి దించేది భోజనం. భోజనం వచ్చిందన్న కబురు మోసేవి నాడులు, హార్మోన్లు. మందు రక్తంలో ఉండే ఆ గంట, పంపులు మేల్కొనే ఆ గంట ఒకటి కావాలి. అందుకే ఆ నియమం.

జీర్ణాశయం గురించీ క్లోమం గురించీ చదివేటప్పుడు ఏ హార్మోను ఏ రసాన్ని ఊరిస్తుందన్నదే మనకు ఎక్కువగా కనిపిస్తుంది. పాఠానికి అది సరిపోతుంది. జబ్బు అర్థం కావాలంటే మాత్రం ఏది దేన్ని ఆపుతుందో చూడాలి. ఈ గ్రంథుల జబ్బుల్లో పెద్ద భాగం ఊరించే హార్మోను తనంతట తాను పెరగడం వల్ల రాదు. దాన్ని ఆపవలసిన బ్రేకు పోవడం వల్ల వస్తుంది. మందుల ఫలితాలు, దుష్ఫలితాలు కూడా ఎక్కువగా ఈ కోణంలోంచే అర్థమవుతాయి.

ఆమ్లం పుట్టే చోటు

జీర్ణాశయం రోజుకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్ల జఠరరసం ఊరిస్తుంది. అందులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పెరైటల్ కణాల నుంచి వస్తుంది. ఇవి జీర్ణాశయపు పైభాగంలో, నడిమి భాగంలో ఉంటాయి. కణం లోపల పీహెచ్ (ఆమ్లం ఎక్కువైనకొద్దీ తగ్గే కొలత) 7కు కాస్త పైన ఉంటే, అది ఆమ్లాన్ని వదిలే సన్నని కాలువలో పీహెచ్ 1 కంటే కిందికి దిగుతుంది. అంటే హైడ్రోజన్ అయాన్ల గాఢతలో పది లక్షల రెట్లకు పైగా తేడా. శరీరంలో మరే కణమూ ఇంత ఎత్తుకు ఎదురీదదు. ఖాళీగా ఉన్నప్పుడు పంపులు కణం లోపల చిన్న సంచుల్లో ముడుచుకుని ఉంటాయి. కబురు అందగానే ఆ సంచులు కాలువ గోడకు చేరి కలిసిపోతాయి. అప్పుడు ఒక్కో పంపు ఒక పొటాషియం అయాన్‌ను లోపలికి లాగుతూ ఒక హైడ్రోజన్ అయాన్‌ను బయటికి తోస్తుంది. బయటికి పోయిన ప్రతి హైడ్రోజన్ అయాన్‌కూ ఒక బైకార్బొనేట్ వెనక వైపు నుంచి రక్తంలోకి చేరుతుంది. ఈ లెక్క తర్వాత పనికొస్తుంది: జీర్ణాశయం రక్తంలో వేసిన క్షారాన్ని కొద్దిసేపటికే క్లోమం తిరిగి పేగులోకి వాడేస్తుంది.

పెరైటల్ కణానికి కబురు మూడు దారుల్లో వస్తుంది. మెదడు నుంచి పొట్టలోకి దిగే వేగస్ నాడి నుంచి ఎసిటైల్‌కోలిన్, పక్కనున్న ఈసీఎల్ కణాల నుంచి హిస్టమిన్, రక్తం ద్వారా గ్యాస్ట్రిన్. మూడూ కలిసినప్పుడు వచ్చే స్రావం, విడివిడిగా వచ్చే వాటి మొత్తం కంటే ఎక్కువ. ఒకటి తెగితే మిగిలిన రెండింటి బలమూ తగ్గుతుంది. 1972లో జేమ్స్ బ్లాక్ బృందం హెచ్2 గ్రాహకాన్ని, అంటే కణం మీద హిస్టమిన్ కబురును అందుకునే చోటును గుర్తించి, దాన్ని మూసే మందుల వైపు దారి వేసింది. హిస్టమిన్ ఒక్కదాన్నే ఆపినా గ్యాస్ట్రిన్ ప్రభావం కూడా బాగా పడిపోవడానికి ఈ కలయికే కారణం. మనిషిలో గ్యాస్ట్రిన్ పెరైటల్ కణాన్ని నేరుగా తట్టడం కంటే ఈసీఎల్ కణాల చేత హిస్టమిన్ వదిలించడం ద్వారానే ఎక్కువ పని చేయిస్తుంది.

స్రావం తిండి కడుపులో పడకముందే మొదలవుతుంది. తాలింపు వాసన, నోట్లో ముద్ద, నమలడం: వీటికి వేగస్ స్పందిస్తుంది. ఒక భోజనానికి ఊరే ఆమ్లంలో సుమారు 30 శాతం ఈ తొలి దశదే. తిండి కడుపులో ఉండగా 60 శాతం, పేగులోకి దిగాక మిగిలిన 10 శాతం. క్లోమం విషయంలో ఈ లెక్క తలకిందులవుతుంది. అక్కడ పేగు దశే 70 నుంచి 80 శాతం. ఈ తేడా సహజమే. జీర్ణాశయం తిండి కోసం ముందుగా సిద్ధం కావాలి. క్లోమం మాత్రం జీర్ణాశయం ఎంత పంపిందో చూసి, దాని ప్రకారం ఊరాలి.

గ్యాస్ట్రిన్, దాని బ్రేకు

గ్యాస్ట్రిన్‌ను తయారుచేసే జీ కణాలు జీర్ణాశయపు చివరి భాగమైన యాంట్రంలో ఉంటాయి. పప్పు, గుడ్డు, మాంసం జీర్ణమవడం మొదలై పెప్టైడ్లు, అమైనో ఆమ్లాలు తయారైనప్పుడు ఈ కణాలు స్పందిస్తాయి. ట్రిప్టోఫాన్, ఫినైల్‌అలనిన్ వాటిని బాగా కదిలిస్తాయి. కాల్షియం కూడా కదిలిస్తుంది. కడుపు గోడ సాగడం, వేగస్ చివరల నుంచి వచ్చే జీఆర్‌పీ అనే పెప్టైడ్ మిగతా రెండు కారణాలు. గ్యాస్ట్రిన్ నేరుగా కడుపులోకి కారదు. సిరల్లోకి చేరి, కాలేయం దాటి, గుండె చుట్టి వచ్చి, కొద్ది అంగుళాల పైనున్న పెరైటల్ కణాల దగ్గరికి రక్తం ద్వారానే వస్తుంది.

1905లో లండన్‌లో జాన్ ఎడ్‌కిన్స్ ఈ హార్మోను ఉందని ప్రతిపాదించాడు. తర్వాత చాలా ఏళ్లపాటు ఎవరూ నమ్మలేదు. కణజాలం నుంచి తీసిన సారాల్లో హిస్టమిన్ కూడా ఉంటుందని, ఆమ్లం ఊరించింది అదేనని అన్నారు. 1964లో లివర్‌పూల్‌లో గ్రెగరీ, ట్రేసీ పందుల యాంట్రం నుంచి 17 అమైనో ఆమ్లాల గ్యాస్ట్రిన్‌ను శుద్ధంగా విడదీశాక గాని వివాదం తీరలేదు. విచిత్రమేమిటంటే రెండు పక్షాలూ సగం సరే: గ్యాస్ట్రిన్ ఉంది, అది పనిచేసేది హిస్టమిన్ ద్వారానే.

ఇక బ్రేకు. జీ కణాల పక్కనే డీ కణాలుంటాయి. ఇవి సొమాటోస్టాటిన్‌ను వదులుతాయి. అది ఎక్కువగా పొరుగు కణాల మీదే, కొద్ది దూరంలోనే పనిచేస్తుంది. యాంట్రంలో పీహెచ్ 3 కంటే తగ్గడం మొదలవగానే డీ కణం మేల్కొంటుంది. 1.5 దగ్గరికి వచ్చేసరికి గ్యాస్ట్రిన్ విడుదల దాదాపు ఆగిపోతుంది. అన్నం తిన్న తొలి గంటలో ఆహారంలోని ప్రోటీన్ ఆమ్లాన్ని పీల్చుకుని పీహెచ్‌ను పైకి లేపుతుంది. బ్రేకు వదులవుతుంది, గ్యాస్ట్రిన్ ప్రవహిస్తుంది. కడుపు ఖాళీ అవుతున్నకొద్దీ ఆమ్లాన్ని పీల్చేది మిగలదు, పీహెచ్ పడుతుంది, బ్రేకు పడుతుంది. ఆమ్లం తన ఉత్పత్తిని తానే ఆపుకుంటుంది.

ఎసిడిటీకి పాలు తాగితే ఎందుకు తాత్కాలికంగానే తగ్గుతుందో ఇక్కడ తెలుస్తుంది. పాలు మొదట ఆమ్లాన్ని పలుచన చేసి పీల్చుకుంటాయి. ఆ వెంటనే వాటిలోని ప్రోటీన్, కాల్షియం జీ కణాలను తడతాయి, పీహెచ్ పెరగడంతో బ్రేకు కూడా వదులవుతుంది. కాసేపటికి మునుపటి కంటే ఎక్కువ ఆమ్లం వస్తుంది. ఒకప్పుడు అల్సర్ రోగులకు గంటగంటకూ పాలు పట్టించే పథ్యం ఉండేది. దాన్ని మానేయడం మంచిదే అయింది. కాల్షియం కార్బొనేట్ చప్పరించే మాత్రలకు కూడా కొంతవరకు ఇదే వర్తిస్తుంది. బీరు, వైను లాంటి పులిసిన పానీయాలు గ్యాస్ట్రిన్‌ను పెంచుతాయి. విస్కీ లాంటి బట్టీలో కాచినవి ఆమ్లాన్ని అలా పెంచవు. అలాగని అవి కడుపుకు మేలు చేస్తాయని కాదు, వాటి హాని శ్లేష్మపు పొర మీద.

బ్రేకు చెడితే ఏమవుతుందో హెలికోబాక్టర్ పైలోరి చూపించినంత స్పష్టంగా మరేదీ చూపించదు. బారీ మార్షల్, రాబిన్ వారెన్ 1980ల మొదట్లో ఈ సూక్ష్మజీవిని గుర్తించారు, 2005లో వారికి నోబెల్ వచ్చింది. ఇది యూరియాను విరిచి తన చుట్టూ అమోనియా తయారుచేసుకుంటుంది. యాంట్రంలో స్థిరపడితే అక్కడి వాపు వల్ల డీ కణాలు తగ్గుతాయి, సొమాటోస్టాటిన్ తగ్గుతుంది. గ్యాస్ట్రిన్‌కు అడ్డు ఉండదు. పైనున్న పెరైటల్ కణాలు ఆరోగ్యంగా ఉంటే అవి అవసరానికి మించి ఆమ్లం పోస్తాయి, చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలో పుండు పడుతుంది. అదే సూక్ష్మజీవి జీర్ణాశయపు నడిమి భాగమంతా పాకితే పెరైటల్ కణాలే నశిస్తాయి, ఆమ్లం తగ్గిపోతుంది, ఏళ్ల తర్వాత జీర్ణాశయ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. ఒకే సూక్ష్మజీవి ఒకరిలో ఆమ్లాన్ని పెంచి మరొకరిలో తగ్గించడం వైరుధ్యంలా కనిపిస్తుంది. అది ఎక్కడ కూర్చుందో చూస్తే వైరుధ్యం లేదు. ఆంత్రమూలపు పుండుకు ఆమ్లం తగ్గించే మాత్రలు మాత్రమే ఇచ్చి, ఈ సూక్ష్మజీవి పరీక్ష చేయకుండా వదిలేయడం పెద్ద లోపం. సూక్ష్మజీవిని తొలగిస్తే డీ కణాలు కోలుకుంటాయి, గ్యాస్ట్రిన్ మామూలు స్థాయికి వస్తుంది, పుండు తిరగబెట్టడం బాగా తగ్గుతుంది.

ప్రోటాన్ పంపు మందుల విషయానికి తిరిగి వస్తే, అవి చేసేది కూడా బ్రేకును వదులు చేయడమే. ఆమ్లం లేకపోతే డీ కణానికి కబురు లేదు, గ్యాస్ట్రిన్ పెరుగుతుంది. గ్యాస్ట్రిన్ పెరైటల్, ఈసీఎల్ కణాలను పెంచి పోషించే హార్మోను కూడా కాబట్టి వారాల తరబడి ఎక్కువగా ఉంటే ఆ కణాల సంఖ్య, పరిమాణం పెరుగుతాయి. మందు వాడుతున్నంత కాలం ఈ పెరుగుదల కనిపించదు. ఆపగానే పెరిగిన సేన అంతా ఒక్కసారి పనిలో దిగుతుంది. ఎసిడిటీ ఎన్నడూ లేని ఆరోగ్యవంతులకు రెండు నెలలు ఈ మందు ఇచ్చి ఆపినప్పుడు కూడా కొందరికి మంట మొదలైంది. మన ఊళ్లలో 'గ్యాస్ మాత్ర' పేరుతో పరగడుపున పాంటోప్రజోల్ ఏళ్ల తరబడి వేసుకునే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. 'మానేస్తే మళ్లీ వస్తోంది, కాబట్టి నాకు జబ్బుంది' అని వారు అనుకోవడంలో చాలాసార్లు ఈ తిరుగుదెబ్బ ఉంటుంది. మోతాదు సగం చేసి, తర్వాత రోజు విడిచి రోజు వేసుకుంటూ, మధ్యలో మంట వస్తే యాంటాసిడ్ తీసుకుంటూ తగ్గించుకుంటే ఆ వారాలు దాటవచ్చు. అయితే అందరూ ఆపకూడదు. పుండు నుంచి రక్తం పడిన చరిత్ర ఉన్నవారు, వయసు మళ్లి రోజూ ఆస్పిరిన్ లేదా నొప్పి మాత్రలు వాడేవారు, అన్నవాహికలో బారెట్ మార్పులున్నవారు (ఆమ్లం వల్ల లోపలి పొర మారిపోయినవారు) వైద్యుడిని అడగకుండా ఆపితే ప్రమాదం.

పర్నీషియస్ అనీమియా అనే రక్తహీనతలో ఇదే గొలుసు మందు లేకుండానే నడుస్తుంది. రోగనిరోధక వ్యవస్థ పెరైటల్ కణాలను నాశనం చేస్తుంది. ఆమ్లం, బీ12 శోషణకు కావలసిన ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ రెండూ పోతాయి. బ్రేకు లేని గ్యాస్ట్రిన్ చాలా ఎత్తుకు చేరుతుంది, కొందరిలో ఈసీఎల్ కణాల చిన్న గడ్డలు తయారవుతాయి. అందుకే రక్తంలో గ్యాస్ట్రిన్ ఎక్కువుందన్న రిపోర్టు ఒక్కటి చూసి ఏమీ తేల్చలేం. కడుపులో పీహెచ్ ఎంతో తెలియాలి. పీహెచ్ ఎక్కువుండి గ్యాస్ట్రిన్ ఎక్కువుంటే అది శరీరపు సహజ స్పందన. పీహెచ్ 2 కంటే తక్కువుండి గ్యాస్ట్రిన్ మామూలు పరిమితికి పది రెట్లు దాటితే అది గ్యాస్ట్రినోమా, అంటే గ్యాస్ట్రిన్‌ను తనంతట తాను వదిలే గడ్డ.

ఆమ్లమే కబురుగా మారే చోటు

జీర్ణాశయం దాటిన ఆమ్లం ఆంత్రమూలంలో పడగానే పరిస్థితి మారుతుంది. కొవ్వును విరిచేందుకు క్లోమం పంపే లైపేజ్ ఎంజైము పీహెచ్ 4 కంటే కిందికి దిగితే తిరిగి కోలుకోకుండా చెడిపోతుంది. పైత్యరసంలోని లవణాలు కూడా అంత ఆమ్లంలో గడ్డకట్టి అడుగున చేరతాయి. పీహెచ్ త్వరగా 6 దాటాలి, లేకపోతే కొవ్వు జీర్ణం కాదు. ఆ పని క్లోమపు బైకార్బొనేట్‌ది.

ఆమ్లం తగలగానే క్లోమం ఊరడాన్ని రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ బృందం నాడుల పనిగా భావించింది. 1902 జనవరి 16న లండన్ యూనివర్సిటీ కాలేజీలో విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ దాన్ని పరీక్షించారు. మత్తులో ఉన్న కుక్క చిన్నపేగులో ఒక ముక్కను నాడులన్నీ తెంచి, రక్తనాళాలు మాత్రం ఉంచి, అందులో పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోశారు. కొద్ది నిమిషాల్లో క్లోమం ఊరింది. ఆ పేగు లోపలి పొరను గీకి, ఇసుకతో, ఆమ్లంతో నూరి, వడకట్టి సిరలోకి ఎక్కించారు. మళ్లీ ఊరింది. నాడి లేకుండా, రక్తం ద్వారా ఒక రసాయనం ఒక అవయవం నుంచి మరో అవయవానికి ఆజ్ఞ మోసుకెళ్లింది. దానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. ఇలాంటి పదార్థాలన్నిటికీ హార్మోన్లు అన్న పేరును స్టార్లింగ్ 1905లో వాడాడు. పావ్లోవ్ కూడా పూర్తిగా తప్పు కాదు. వేగస్ లేకుండా సెక్రెటిన్ ఇచ్చే స్పందన సగం బలంతోనే ఉంటుందని తర్వాత తేలింది.

సెక్రెటిన్ 27 అమైనో ఆమ్లాల గొలుసు. ఆంత్రమూలంలో పీహెచ్ 4.5 కంటే తగ్గితే ఎస్ కణాలు దాన్ని వదులుతాయి. అది క్లోమనాళాల కణాలను చేరి వాటిలో కబురును లోపలికి చేరవేసే సైక్లిక్ ఏఎంపీని పెంచుతుంది. అప్పుడు సీఎఫ్‌టీఆర్ అనే క్లోరైడ్ మార్గం తెరుచుకుంటుంది, బైకార్బొనేట్ బయటికి వస్తుంది, దాని వెనక సోడియం, నీరు. రక్తంలో లీటరుకు 24 మిల్లీ ఈక్వివలెంట్లుండే బైకార్బొనేట్, స్రావం జోరందుకున్నప్పుడు క్లోమరసంలో 140 దాకా చేరుతుంది. క్లోరైడ్ అదే లెక్కలో తగ్గుతుంది. రోజుకు ఒకటి నుంచి ఒకటిన్నర లీటర్ల క్లోమరసం ఇలా వస్తుంది. పీహెచ్ పెరగగానే ఎస్ కణాలకు పని ఉండదు, సెక్రెటిన్ ఆగుతుంది. ఇంతలో అదే సెక్రెటిన్ జీర్ణాశయంలో గ్యాస్ట్రిన్‌ను, ఆమ్లాన్ని తగ్గిస్తుంది, కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని కూడా తగ్గిస్తుంది. కింద శుభ్రమయ్యేదాకా పైనుంచి ఎక్కువ పంపవద్దన్న ఆజ్ఞ అది.

సీఎఫ్‌టీఆర్ జన్యువు చెడినప్పుడు వచ్చే సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో సెక్రెటిన్ ఉంటుంది, గ్రాహకం ఉంటుంది, తలుపు మాత్రం తెరుచుకోదు. నీరు లేని చిక్కటి రసం నాళాల్లో అడ్డుపడి, చాలామందిలో పుట్టుకకు ముందే క్లోమాన్ని దెబ్బతీస్తుంది.

సెక్రెటిన్‌ను ఇంజెక్షన్‌గా ఇచ్చి క్లోమాన్ని పరీక్షిస్తారు. ఆంత్రమూలంలోంచి తీసిన రసంలో బైకార్బొనేట్ శిఖరం లీటరుకు 80 మిల్లీ ఈక్వివలెంట్లు దాటితే క్లోమం బాగున్నట్టు. గ్యాస్ట్రినోమా అనుమానం తీరనప్పుడు కూడా ఇదే హార్మోను పనికొస్తుంది. ఆరోగ్యకరమైన జీ కణాన్ని సెక్రెటిన్ అణచివేస్తుంది. గడ్డ కణాలు మాత్రం దానికి ఎదురు స్పందించి గ్యాస్ట్రిన్‌ను కుమ్మరిస్తాయి. ఇంజెక్షన్ తర్వాత 15 నిమిషాల్లోపు గ్యాస్ట్రిన్ మిల్లీలీటరుకు 120 పికోగ్రాములు లేదా అంతకంటే ఎక్కువ పెరిగితే పరీక్ష పాజిటివ్. అమెరికాలోని ఒహాయోలో జోలింగర్, ఎలిసన్ 1955లో వివరించిన ఈ జబ్బులో పుండ్లతో పాటు విరేచనాలు కూడా ఉంటాయి. ఆమ్లం వరదలా దిగి లైపేజ్‌ను చంపడం, పేగు పొరను కొరకడం వాటికి కారణం. ఆమ్లం మందులు ఆపగానే విరేచనాలు తిరిగి మొదలైతే ఈ జబ్బును గుర్తుచేసుకోవాలి. పరీక్ష కోసం ఆ మందును ఉన్నట్టుండి ఆపడం కూడా వీరిలో ప్రమాదకరమే: పుండు చిల్లుపడవచ్చు, రక్తం పడవచ్చు. నిపుణుల పర్యవేక్షణలోనే ఆపాలి.

కొవ్వు తగిలినప్పుడు

నీరు, క్షారం సెక్రెటిన్ వంతు అయితే ఎంజైములు కోలీసిస్టోకైనిన్ వంతు. దీన్ని క్లుప్తంగా సీసీకే అంటారు. ఆంత్రమూలంలోని ఐ కణాలు కొవ్వు ఆమ్లాలకు, ప్రోటీన్ ముక్కలకు స్పందించి దీన్ని వదులుతాయి. కొవ్వు ఆమ్లపు గొలుసులో కనీసం 12 కార్బన్లుండాలి. కొబ్బరినూనెలో కొంతమేర ఉండే పొట్టి గొలుసులు సీసీకేను అంతగా కదిలించవు. 1928లో ఐవీ, ఓల్డ్‌బర్గ్ పిత్తాశయాన్ని ముడిచే హార్మోనుగా దీన్ని గుర్తించారు. 1943లో హార్పర్, రాపర్ క్లోమం చేత ఎంజైములు వదిలించే పాంక్రియోజైమిన్‌ను వేరే హార్మోనుగా వర్ణించారు. 1960లలో స్టాక్‌హోమ్‌లో జార్పెస్, మట్ శుద్ధి చేసి చూస్తే రెండూ ఒకటే. సీసీకే చివరి ఐదు అమైనో ఆమ్లాలు గ్యాస్ట్రిన్ చివరి ఐదే కావడం మరో విశేషం. ఆ పక్కనున్న టైరోసిన్ మీద సల్ఫేట్ ఎక్కడుందన్న చిన్న తేడాతోనే పిత్తాశయపు గ్రాహకం సీసీకేను గుర్తుపడుతుంది, గ్యాస్ట్రిన్‌ను పట్టించుకోదు.

మనిషిలో సీసీకే ఎంజైములను ఎక్కువగా వేగస్ నాడి ద్వారానే వదిలిస్తుంది. పేగులోని వేగస్ చివరలను తడితే, కబురు మెదడు కాండానికి వెళ్లి, తిరిగి క్లోమానికి ఎసిటైల్‌కోలిన్ రూపంలో వస్తుంది. ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకునే అట్రోపిన్ ఇస్తే ఆ స్పందన బాగా పడిపోవడం దీనికి రుజువు. ఇక్కడ కూడా సెక్రెటిన్, సీసీకే, ఎసిటైల్‌కోలిన్ మూడూ ఒకదాన్నొకటి బలపరుస్తాయి. భోజనం తర్వాత రక్తంలో సెక్రెటిన్ పెరిగేది కొద్దిగానే అయినా క్లోమం అంతగా ఊరడానికి ఈ కలయికే కారణం.

పిత్తాశయంలో రాళ్లున్నవారికి బిర్యానీ, పూరీలు తిన్నాక గంటా రెండు గంటల్లో కుడి డొక్కలో నొప్పి రావడం సీసీకే పనే. పిత్తాశయం ముడుచుకుంటుంది, రాయి పిత్తాశయపు మెడ దగ్గర అడ్డం పడుతుంది. పొట్ట స్కానింగ్‌కు ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకుండా రమ్మనడం కూడా ఇందుకే. పాలు కలిపిన కాఫీ తాగి వెళ్తే పిత్తాశయం ముడుచుకుని రాళ్లు సరిగా కనిపించకపోవచ్చు. మరోవైపు సీసీకే అస్సలు రాకపోయినా చిక్కే. వారాలపాటు సిరల ద్వారానే ఆహారం ఎక్కించే రోగుల్లో పిత్తాశయం కదలక, పైత్యరసం చిక్కబడి బురదలా పేరుకుంటుంది. సొమాటోస్టాటిన్ పోలికతో తయారుచేసిన ఆక్ట్రియోటైడ్‌ను నెలల తరబడి వాడేవారికి రాళ్లు రావడానికీ కారణం ఇదే: ఆ మందు సీసీకేతో సహా పేగు హార్మోన్లన్నిటికీ బ్రేకు వేస్తుంది.

క్లోమంలో మరో రకం బ్రేకు కూడా ఉంది. ప్రోటీన్లను విరిచే ఎంజైములు అక్కడ నిద్రాణ రూపంలోనే తయారవుతాయి. ఆంత్రమూలపు గోడ మీదున్న ఎంటరోకైనేజ్ ట్రిప్సినోజెన్‌ను ట్రిప్సిన్‌గా మార్చాక, ఆ ట్రిప్సిన్ మిగతావాటిని మేల్కొలుపుతుంది. పొరపాటున క్లోమం లోపలే కొంత ట్రిప్సిన్ మేల్కొంటే దాన్ని పట్టుకోవడానికి స్పింక్1 అనే నిరోధకం ఉంటుంది. దక్షిణ భారతంలో చిన్న వయసులోనే క్లోమంలో రాళ్లు, ఆపైన మధుమేహం వచ్చే ట్రాపికల్ కాల్సిఫిక్ పాంక్రియాటైటిస్ రోగుల్లో ఈ స్పింక్1 జన్యువులో మార్పులు ఎక్కువగా ఉన్నాయని హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, అక్కడి జీర్ణకోశ వైద్యులు కలిసి 2002లో చూపించారు. అంతవరకు కర్రపెండలం తినడం వల్ల వస్తుందన్న వాదనే ఎక్కువగా వినిపించేది.

ఇలాంటి దీర్ఘకాలిక వాపులో ఎంజైములు పదో వంతుకు పడిపోయేదాకా మలంలో కొవ్వు కనిపించదు. అందాకా క్లోమపు నిల్వ శక్తి కాపాడుతుంది. మలంలో ఎలాస్టేజ్ అనే క్లోమపు ఎంజైము పరీక్ష గ్రాముకు 200 మైక్రోగ్రాముల కంటే తక్కువుంటే అనుమానించాలి, 100 కంటే తక్కువుంటే లోపం తీవ్రం. నీళ్ల విరేచనాలప్పుడు నమూనా ఇస్తే పలుచనై తప్పుగా తక్కువ చూపిస్తుంది. ఎంజైము క్యాప్సూళ్లు వాడుతున్నా ఈ పరీక్ష చేయించుకోవచ్చు, ఎందుకంటే అది మనిషి ఎలాస్టేజ్‌నే గుర్తిస్తుంది, క్యాప్సూళ్లలోని పంది ఎంజైమును కాదు.

చికిత్సలో పెద్దవారికి ప్రధాన భోజనానికి 40,000 నుంచి 50,000 యూనిట్ల లైపేజ్, చిరుతిండికి అందులో సగం ఇస్తారు. క్యాప్సూల్‌ను తినడానికి ముందో, తిన్న గంటకో కాదు, తొలి ముద్దతో ఒకటి, భోజనం మధ్యలో ఒకటి వేసుకోవాలి, తిండితో కలిసి కిందికి దిగాలి కాబట్టి. సరైన మోతాదులో వాడినా మలం జిడ్డుగానే ఉంటే చాలాసార్లు కారణం బైకార్బొనేట్ లోపం. ఎంజైము గింజల పైపూత పీహెచ్ 5.5 దాటితేనే కరుగుతుంది. నాళాలు చెడిన క్లోమం ఆంత్రమూలాన్ని అంతవరకు తీసుకురాలేదు. గింజలు కరగకుండా కిందికి జారిపోతాయి. అప్పుడు క్యాప్సూళ్ల సంఖ్య పెంచడం కంటే ప్రోటాన్ పంపు మందు జోడించడం మేలు. పైన అనవసరంగా వాడకూడదన్న మందే ఇక్కడ సరైన కారణంతో వస్తుంది.

క్లోమంలోని రెండో వ్యవస్థ

క్లోమం బరువులో ఒకటి రెండు శాతమే ఉండే లాంగర్‌హాన్స్ పుట్టల (హార్మోన్లు వదిలే చిన్న కణగుంపులు) నుంచి ఇన్సులిన్, గ్లూకగాన్ వస్తాయి. వీటిని కూడా పేగు నడిపిస్తుంది. ఒకే మొత్తం గ్లూకోజ్‌ను సిరలోకి ఎక్కిస్తే వచ్చే ఇన్సులిన్ కంటే నోటి ద్వారా ఇస్తే వచ్చేది చాలా ఎక్కువ. ఆరోగ్యవంతుల్లో భోజనం తర్వాతి ఇన్సులిన్‌లో సగానికి పైగా ఈ పేగు హార్మోన్ల పుణ్యమే. పైపేగులోని కే కణాల నుంచి వచ్చే జీఐపీ, ఎల్ కణాల నుంచి వచ్చే జీఎల్‌పీ-1 ఆ హార్మోన్లు. జీఐపీని మొదట జీర్ణాశయ ఆమ్లాన్ని తగ్గించేదిగా గుర్తించారు, ఇన్సులిన్ మీద దాని పని తర్వాత తేలింది. జీఎల్‌పీ-1ను డీపీపీ-4 ఎంజైము రెండు నిమిషాల్లోపే విరిచేస్తుంది. సిటాగ్లిప్టిన్ లాంటి మాత్రలు ఆ ఎంజైమును ఆపుతాయి. సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్లు విరగని రూపంలో తయారైనవి. గ్లూకోజ్ ఎక్కువున్నప్పుడే ఇన్సులిన్‌ను పెంచుతాయి కాబట్టి వీటిని ఒంటరిగా వాడితే షుగర్ పడిపోవడం అరుదు. ఇవి కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తాయి, వికారానికి ఒక కారణం అదే. శస్త్రచికిత్సకు ముందు మత్తు వైద్యుడికి ఈ ఇంజెక్షన్ సంగతి తప్పక చెప్పాలి, రాత్రంతా ఉపవాసం ఉన్నా కడుపులో తిండి మిగిలి ఉండవచ్చు.

పుట్టల నుంచి వెళ్లే రక్తంలో కొంత భాగం చుట్టూ ఉన్న ఎంజైము కణాలను తడిపి వెళ్తుంది. ఇన్సులిన్ వాటికి పోషణ, వాటి స్రావానికి బలం. టైప్ 1 మధుమేహంలో క్లోమం చిన్నబోవడానికి, కొందరిలో మలంలోని ఎలాస్టేజ్ తగ్గడానికి ఇది ఒక కారణం.

క్లోమం వాపుతో ఎండిపోయి వచ్చే మధుమేహంలో ఇన్సులిన్‌తో పాటు గ్లూకగాన్ కూడా పోతుంది. షుగర్ పడినప్పుడు పైకి లేపే చేయి లేకుండా పోయినట్టే. అందుకే ఈ రోగులకు ఇన్సులిన్ తక్కువ మోతాదుతో మొదలుపెట్టాలి, భోజనం మానేసిన రోజున ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. క్లోమం వాపు చరిత్ర ఉన్నవారికి జీఎల్‌పీ-1 మందులు సాధారణంగా ఇవ్వరు. ఎంజైము క్యాప్సూళ్లు మొదలుపెట్టిన తొలి వారాల్లో షుగర్‌ను రోజూ చూసుకోవాలి. అంతకుముందు మలంలో పోయిన తిండి ఇప్పుడు ఒంటపడుతుంది, రీడింగులు పెరుగుతాయి, ఇన్సులిన్ మోతాదు పెంచవలసి వస్తుంది. జబ్బు ముదిరిందని భయపడి క్యాప్సూళ్లు ఆపేయకూడదు, అవి పనిచేస్తున్నాయనడానికి ఆ పెరుగుదలే గుర్తు.